గోడ బయటి నల్లా

నేను పనిచేసిన విల్లాల ఆఫీసులో నాకు అన్నిటికంటే నచ్చింది బాత్రూమ్. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు, సిగ్గేసి. లోపలినుంచి గడియ పడే తలుపు, పొడిగా ఉండే నేల, నిమ్మకాయ వాసన, అద్దం. మధ్యాహ్నం గబగబా తినేసి, చున్నీ కింద పుస్తకం దాచుకుని అందులోకి వెళ్ళేదాన్ని. మూత వేసిన కమోడ్ మీద కూర్చుని ఒక అధ్యాయం చదువుకుని, బయటకు వచ్చేముందు ఎవరికీ అనుమానం రాకుండా ఉత్తుత్తినే ఫ్లష్ నొక్కేదాన్ని.

మా ఊరు మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య, పెద్ద రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. నేను ఇంటర్ చదివేదాకా మా ఇంట్లో బాత్రూమ్ లేదు. చీకటి విడవకముందే అమ్మ నన్ను లేపి తుమ్మచెట్ల వెనక్కి తీసుకెళ్ళేది. దూరంగా ఏదైనా బండి లైటు పడితే ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం. అప్పుడు అమ్మ తన కొంగు తీసి నా ముఖానికి అడ్డం పెట్టేది. తన ముఖం అలాగే వెలుతురులో ఉండేది. అందుకే చదువుకున్నవాళ్ళు అభివృద్ధి అనే మాటను వెటకారంగా పలికితే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు దాని అర్థం గడియ పడే తలుపు.

మా నాయినకు దాని అర్థం రోడ్డు. ఆయన గోదాములో లారీలకు సరుకెక్కిస్తాడు. "ఒకప్పుడు మన ఊరి పేరు జెప్తె యాడున్నది అనేటోళ్లు. ఇప్పుడు ఎకరమెంత అని అడుగుతున్రు," అని కల్లు తాగిన రోజున మురిసిపోతాడు. మాకు ఎకరం లేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తుండదు.

ఇక అవ్వ. మా నాయిన తల్లి. ఆమెకు దాని అర్థం విల్లాల గేటు.

విల్లాలున్న చోట ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. అవ్వా అమ్మా ఇద్దరూ అందులో కూలికి వెళ్ళినవాళ్ళే. తోట పోయి ప్లాట్లు వచ్చాయి, ప్లాట్ల మీద విల్లాలు లేచాయి, చుట్టూ ఎత్తైన గోడ కట్టారు. గోడ వెనక మా ఊరి కుంట ఉంది. కుంట ఒడ్డున అవ్వ కౌలుకు తీసుకున్న చిన్న మడి. అందులో పాలకూర, మెంతికూర, కొత్తిమీర పండించేది. అంతకుముందు ఆ గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి యాప్రాల్ కాలనీల్లో తిరిగి అమ్మేది. కండక్టర్లు తిట్టేవాళ్ళు, తడి గంప తగిలిన ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు. విల్లాలు వచ్చాక గేటు పక్కనే గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే చాలు, కార్లు ఆగేవి. "కూసున్న కాడికే గిరాకి వస్తాంది. యేసయ్య నా మోకాళ్ల నొప్పి సూసి గీ గేటు బెట్టించిండు," అనేది అవ్వ. ఆ మాట చర్చిలో సాక్ష్యంగా కూడా చెప్పింది.

నేను డిగ్రీ అయ్యాక ఆ గేటు లోపలే ఆఫీసులో చేరాను. ఫోన్లు ఎత్తడం, కరెంటు పోయిందనీ కుక్క అరుస్తోందనీ వచ్చే ఫిర్యాదులు ఎక్కించుకోవడం నా పని. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడలేని నన్ను ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారో నాకు తెలియదు. బహుశా అందుకేనేమో. పొద్దున్నే నేను లోపలికి వెళ్తుంటే అవ్వ గేటు బయటినుంచి వాచ్‌మన్‌తో అనేది, "గది నా మనుమరాలు. ఏసీల కూసుంటది." రోజూ అదే మాట, అదే వాచ్‌మన్‌తో.

ఆకుకూర అమ్మేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. సాయంత్రం కోసి కట్టలు కట్టాలి. తెల్లవారుజామున ఆ కట్టల్ని నీళ్ళలో ముంచి, వేళ్ళకంటిన మన్నంతా పోయేదాకా జాడించి, తడి గోనె మీద వరసగా పేర్చాలి. అలా ముంచని కూర ఎండెక్కేసరికి మెడ వాల్చేస్తుంది, దాన్ని ఎవరూ కొనరు. దానికి బిందెడు నీళ్ళు సరిపోవు. మా ఇంటి నల్లా రోజు విడిచి రోజు, అదీ కాసేపే వస్తుంది. కాబట్టి అవ్వ ఎప్పుడూ కుంటలోనే కడిగేది.

విల్లాల కమిటీకి ఒక అధ్యక్షురాలు ఉండేది. అందరూ ఆమెను మేడమ్ అనేవాళ్ళు. ఒకసారి కమిటీ మీటింగ్‌లో వెనక వరస ఇళ్ళవాళ్ళు గొడవ చేశారు. విల్లాల బాత్రూమ్‌ల నీళ్ళన్నీ వెనకనున్న తొట్లలోకి చేరతాయి. అక్కడ పెద్ద మోటారు ఒకటి నీళ్ళలోకి గాలి కొడుతుంది. దాన్ని బ్లోయర్ అంటారు. అది తిరిగితేనే మురుగు శుభ్రమవుతుంది. అలా శుభ్రమైన నీళ్ళు గార్డెన్ లైన్ అనే పైపులో మొక్కలకు పోయి, మిగిలినవి బయటికి, కుంటలోకి పోతాయి. గొడవ ఆ బ్లోయర్ గురించి.

"ఇంత పెట్టి కొనుక్కుని ఫ్యాక్టరీ పక్కన పడుకున్నట్టుంది మేడమ్. రాత్రంతా గుర్రు," అన్నాడు ఒకాయన.

"మీ గుర్రు కాదు కదా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"మా అత్తగారికి బీపీ పెరిగిపోతోంది," అంది వెనక వరసలో ఉండే ఒకావిడ.

"అయితే ఆపేద్దాం. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు వేసుకుంటే సరిపోతుంది," అంది మేడమ్, బిస్కెట్టును టీలో ముంచుతూ. "వాసన రాకుండా గార్డెన్ లైన్‌లో బ్లీచింగ్ కొంచెం ఎక్కువ కలపమనండి."

అందరూ తలలూపారు. నేను కప్పులు ఏరుకుంటున్నాను. ఆ పూట నాకు అందులో చప్పుడు సంగతి తప్ప ఇంకేమీ కనబడలేదు.

వానలు తగ్గేసరికి కుంట నల్లబడింది. మీద తెల్లటి నురగ తేలింది, సబ్బు నురగ కంటే చిక్కగా, గాలికి ముక్కలు ముక్కలుగా ఎగిరి మడుల మీద పడేది. కాకులు కూడా అందులో ముక్కు పెట్టేవి కావు. ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. "ఏంటమ్మా మీ ఊరి కుంట అంత కంపు? పందుల్ని పెంచుతారా?" అని ఒకావిడ నన్నే అడిగింది. మీ ఊరి కుంట అన్నది, నేనే రాత్రికి రాత్రి దాన్ని మురగబెట్టినట్టు.

అవ్వకు ఎవరూ చెప్పక్కర్లేదు. "చెయ్యి పెడితే దురద లేస్తాంది. గీ నీళ్లల్ల కూర ముంచద్దు," అని తనే మానేసింది. కొన్నాళ్ళు పరేషాన్ అయింది. తర్వాత ఆమెకు వేరే నల్లా దొరికింది. విల్లాల గోడ బయట రోడ్డు పొడుగునా కాగితంపూల చెట్లు పెంచారు. వాటికి పోయడానికి గోడలోంచి ఒక నల్లా బయటికి తీశారు. వాచ్‌మన్‌కు ఒక మెంతికూర కట్ట ఇస్తే, కడుక్కోమన్నాడు. ఎప్పుడు తిప్పినా ధారగా వచ్చే నల్లా. అవ్వ తన జీవితంలో అలాంటి నల్లా వాడడం అదే మొదలు.

ఆ నీళ్ళతో కడిగిన కూర గంపలో నిగనిగలాడేది. అది చూసే కాబోలు, మేడమ్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆదివారం పొద్దున లోపల పచ్చిక మీద 'ఊరి సంత' పెడదామంది. క్లబ్‌హౌస్ ముందు రంగులేసిన ఎడ్లబండి ఒకటి అలంకారానికి పెట్టారు. దానికి ఎడ్లు లేవు. దాని పక్కన అవ్వను కూర్చోబెట్టారు.

"అమ్మమ్మా, వచ్చే వారం ఈ ప్లాస్టిక్ గంప వద్దు. వెదురుది తెచ్చుకోండి, ఫోటోలో బాగుంటుంది," అంది మేడమ్.

"ఎదురుది బరువైతది బిడ్డా."

"పర్లేదు, ఫీల్ వస్తుంది."

తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళతో, "చూశారా, మనం రావడం వల్ల ఈ ఊరి ఆడవాళ్ళకి ఎంత ఎంపవర్‌మెంట్ వచ్చిందో. దీన్నే రూరల్ డెవలప్‌మెంట్ అంటారు," అంది. ఒకాయన అవ్వ భుజం మీద చెయ్యివేసి సెల్ఫీ తీసుకున్నాడు. తీసుకున్నాక ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. అది నేను చూశాను.

"గామె ఏమంటాంది?" అని అవ్వ నన్నడిగింది.

"నువ్వు బాగుపడ్డవు అంటుంది."

"మంచిదే అన్నది గదా. మరి నువ్వెందుకే మొహం గట్ల పెట్టినవ్, చేదు మాత్ర మింగినట్టు?"

ఆ ఆదివారం అవ్వ చర్చికి వెళ్ళలేదు. పాస్టరమ్మ ఇంటికే వచ్చి అడిగింది. "దేవుడు ఏ దినమైనా లోపలికి రానిస్తడమ్మా. గా విల్లాలోళ్లు ఆదివారమే రానిస్తరు," అంది అవ్వ. పాస్టరమ్మ నవ్వాపుకోలేక వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మిగిలిన పాలకూరతో అమ్మ పప్పు చేసింది. అందరం కూర్చున్నాం. అవ్వ మంచి ఉషారుగా ఉంది.

"గా గోడ బయటి నల్లా నీళ్లు బంగారమే. బ్లీచింగ్ వాసన గుప్పుమంటాంది, మన ట్యాంకి కడిగిన దినం వచ్చినట్టు," అంది.

మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకి కడిగిన రోజు నల్లాలో బ్లీచింగ్ వాసన వస్తుంది. ఆ రోజు అందరూ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపుకుంటారు. అన్నిటికంటే శుభ్రమైన నీళ్ళు అవేనని మా నమ్మకం. ఆ వాసన వస్తే చంటిపిల్లలకు కూడా కాచకుండా పట్టేస్తారు.

గార్డెన్ లైన్‌లో బ్లీచింగ్ ఎక్కువ కలపమనండి. మేడమ్ గొంతు నా చెవిలో వినబడింది. బ్లోయర్ ఆగి ఎన్ని నెలలైందో. ఆ నల్లా గార్డెన్ లైన్‌ది. నా నోట్లో పాలకూర పప్పు ఉంది. గడియ వేసుకుని, నిమ్మకాయ వాసన పీలుస్తూ, ఉత్తుత్తినే నేను నొక్కిన ఫ్లష్ ఎక్కడికి పోయి ఎక్కడ తేలిందో నాకప్పుడు అర్థమైంది. పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

వచ్చి చెప్పాను. ముక్కలు ముక్కలుగా, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాను. ముందు నాయినే నవ్వాడు.

"ఆల్లది ఆల్లకే వాపస్ పోతాంది. నీకేంది నొప్పి?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిగిలింది మనం తింటున్నం నాయినా," అన్నాను.

నాయిన తన పళ్ళెం వైపు చూసుకున్నాడు. నవ్వు పోయింది. "ఊకో. ఇగ ఈ ముచ్చట బయట తియ్యకు. నీ నౌకరి పోతది," అని చెయ్యి కడుక్కున్నాడు.

అవ్వ మాత్రం నమ్మలేదు. "తెల్లగ, సల్లగ, అద్దమసొంటి నీళ్లు. నువ్వు సదివినవని ఏదిబడితే అది జెప్పకు."

"నిజమే అవ్వా. వద్దు."

"మరి యాడ కడగాలె? నువ్వే జెప్పు. కుంట పాయె. ఇంటి నల్లా తాగనీకే చాలదు. బోరు ఉన్నోళ్లు చెంబెడు నీళ్లు ఇయ్యరు. కడగకుంటే కూర లేదు, కూర లేకుంటే గేటు లేదు. మల్ల నన్ను బస్సెక్కి యాప్రాల్ పొమ్మంటవా, గీ మోకాళ్లతోని?"



మర్నాడు మేడమ్ ఆఫీసుకు వచ్చినప్పుడు చెప్పాను. పొద్దుటినుంచి మనసులో కూర్చుకున్న వాక్యమది. "మేడమ్, గోడ బయటి నల్లా గార్డెన్ లైన్‌ది. మా అవ్వ దాంతోనే కూర కడుగుతుంది."

ఆమె ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎవరు వాడుకోమన్నారు?"

"ఆ కూర ఇక్కడివాళ్ళే తింటారు మేడమ్."

అప్పుడు తలెత్తింది. కొంచెంసేపు ఆలోచించి చిరునవ్వు నవ్వింది. "అందరూ ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళలో మళ్ళీ కడుక్కుంటారు కదమ్మా. పైగా బ్లీచింగ్ ఉంది. టెన్షన్ పడకు."

"బ్లోయర్ వేస్తే..."

"మళ్ళీ ఆ గొడవా? డెవలప్‌మెంట్ అన్నాక చిన్న చిన్నవి ఉంటాయి. అందరం అడ్జస్ట్ అవ్వాలి."

"పోనీ, మంచినీళ్ళ లైను నుంచి బయటికి ఒక నల్లా ఇప్పిస్తే, మేడమ్..."

"బయటివాళ్ళకి మంచినీళ్ళా? రూల్స్ ఒప్పుకోవమ్మా," అంది, ఎంతో జాలిగా.

ఆ జాలి కంటే కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నేను ఆ బాత్రూమ్‌లోకి వెళ్ళలేకపోయాను. తలుపు తెరిస్తే నిమ్మకాయ వాసన వెనకనుంచి ఇంకో వాసన వస్తున్నట్టుండేది. సాయంత్రం దాకా బిగబట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని, తుమ్మచెట్ల కాలంలో లాగా.

తర్వాతి ఆదివారం అవ్వ వెదురు గంప తెచ్చింది. పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంది. నేను తెల్లవారుజామునే గోడ దగ్గరికి వెళ్ళి బతిమాలాను. అవ్వ నా వైపు చూడకుండా ఒక్కొక్క కట్టా జాడించింది. ఆ నీళ్ళు నిజంగానే తెల్లగా ఉన్నాయి. అదే నాకు భయమేసింది.

సంతకు కిందటిసారికంటే ఎక్కువమంది వచ్చారు. నన్ను బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు గుడ్డ సంచులు పంచమన్నారు. ఇంతలో ఒకావిడ చంటిపాపను ఎత్తుకుని అవ్వ ముందు కూర్చుంది. నా ఈడుదే. మంచిమనిషి. ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నన్ను పేరుపెట్టి పలకరించేది ఆమె ఒక్కతే.

"అవ్వా, పాపకి ఇవాళ మొదటిసారి పాలకూర పెడుతున్నాం. లేతది చూసి ఇవ్వండి," అంది.

"నా తల్లే! యేసయ్య నిన్ను సల్లగ సూడాలె," అని అవ్వ గంపంతా వెతికి అన్నిటికంటే లేత కట్ట తీసి పాప చేతికిచ్చింది. పాప దాన్ని రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"పెట్టకండి!" అన్నాను.

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. అందరూ తిరిగి చూశారు. "దాన్ని పాప నోట్లో పెట్టకండి. ఆ కూర బాత్రూమ్ నీళ్ళతో కడిగింది. మన విల్లాల బాత్రూమ్ నీళ్ళే. బ్లోయర్ ఆపేశారు. ఆ నీళ్ళే బయటి నల్లాలో వస్తున్నాయి."

చెప్పాల్సిందంతా చెప్పాననే అనుకున్నాను. కానీ మొదటి రెండు ముక్కల తర్వాత ఎవరూ వినలేదు. ఆ తల్లి పాప చేతిలోంచి కట్టను లాగి విసిరేసింది. పాప ఏడుపందుకుంది. కొన్నవాళ్ళందరూ సంచులు అక్కడే గుమ్మరించారు. పచ్చిక మీద పచ్చటి కట్టలు, వాటిని తొక్కకుండా కాళ్ళెత్తి నడుస్తున్న బూట్లు. ఎవరో శానిటైజర్ సీసా తెచ్చారు, అది చేతులు మారింది. కక్కొచ్చినట్టు మొహాలు పెట్టారు. వాళ్ళ ఇంట్లోంచి వెళ్ళిందే వాళ్ళ చేతికి తిరిగొచ్చింది, అసహ్యం మాత్రం అవ్వను చూసి పడ్డారు.

"ఎంత మోసం! అమాయకంగా కూర్చుంటారు," అంది ఒకావిడ.

"వీళ్ళకి ఎంత చేసినా శుభ్రత రాదండీ. అలవాట్లు అలాంటివి," అన్నాడు సెల్ఫీ తీసుకున్నాయన.

అవ్వ వంగి, పచ్చిక మీద పడిన కట్టలన్నీ ఒక్కొక్కటే ఏరుకుని గంపలో వేసుకుంది. నేను సాయం చేయబోతే నా చెయ్యి తోసేసింది. మేడమ్ నా దగ్గరికి వచ్చింది. చుట్టూ ఫోన్లు వీడియోలు తీస్తున్నాయి కనుక నవ్వు ముఖంతోనే, మెల్లగా, "రేపటినుంచి రావద్దమ్మా. మీ అవ్వని కూడా రావద్దని నువ్వే చెప్పు," అంది.

అది జరిగి ఆర్నెల్లు కావస్తోంది. గోడ బయటి నల్లా పీకేసి సిమెంటు మెత్తారు. బయటి అమ్మకాలు నిషేధమని గేటుకు బోర్డు పెట్టారు. ఇప్పుడు వాళ్ళకు ఆకుకూర ప్లాస్టిక్ పొట్లాల్లో బండి మీద వస్తుందట, అది ఎక్కడ కడిగిందో ఎవరికీ తెలియదు, అడగరు కూడా. బ్లోయర్ మాత్రం ఇంకా తిరగడం లేదు. కుంట ఒడ్డున నిలబడితే తెలిసిపోతుంది. నురగ అలాగే ఉంది.

నేను మేడ్చల్‌లో ఒక జిరాక్స్ షాపులో చేరాను. అవ్వ మళ్ళీ బస్సెక్కి యాప్రాల్ వెళ్తోంది. పొద్దున్నే నల్లా వచ్చిన రోజు మాత్రమే వెళ్తుంది, డ్రమ్ములో పట్టిన నీళ్ళతో కడిగి. మెట్లెక్కేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలట. అమ్మ చెప్పింది. అవ్వ చెప్పదు, ఎందుకంటే ఆ ఆదివారం నుంచి ఆమె నాతో మాట్లాడడం లేదు. నాకు అన్నం పెట్టాలన్నా అమ్మ వైపు తిరిగి "దానికి పెట్టు" అంటుంది.

ఆ రోజు గేటు నుంచి ఇంటిదాకా ఆమె ముందు, నేను వెనక నడిచాం. గంప నేను మోస్తానంటే ఇవ్వలేదు. ఇంటి గడప దగ్గర నేను అడ్డంగా నిలబడి, "అవ్వా, నేనన్నది నిన్ను కాదు, వాళ్ళ నీళ్ళను" అన్నాను. నెత్తి మీది బరువుకు ఆమె మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి అంది:

"నా కూర అన్నదే ఇన్నరు. ఆల్ల నీళ్లన్నది ఎవ్వలు ఇనలే. జరుగు, గంప దించనీ."